వంతెన ఇవతలి ముసలి కుక్కలు

మనిషి గుణం తెలియాలంటే ఆ మనిషి చెత్తబుట్టలో ఏం పారేస్తాడో చూడాలని పెద్దలెవరూ చెప్పినట్టు లేదు. చెప్పి ఉండాల్సింది. ఆ ఊరి పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ విషయంలో మాత్రం చూడాల్సింది ఆమె పారేయనివాటిని. కుక్క ఒంటి మీద నుంచో పిల్లి ఒంటి మీద నుంచో ఒక గడ్డ కోసి తీశాక దాన్ని బుట్టలో వేయడమన్నది ఆమె వల్ల అయ్యే పని కాదు. బఠాణీ గింజంత ఉన్నా, నిమ్మకాయంత ఉన్నా సరే, కుళ్లనివ్వని ఫార్మలిన్ మందు నింపిన సీసాలో వేసి, మూత బిగించి, పైన చీటీ అంటించి, ల్యాబుకు పంపి తీరాల్సిందే. అక్కడివాళ్లు దాన్ని ఉల్లిపొరకన్నా పలచగా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, అది క్యాన్సర్ అవునో కాదో, మంచి గడ్డో చెడ్డ గడ్డో చెప్పేవారు.

గడ్డల్లో మంచిదేమిటని అడిగినవాళ్లకు ఆమె ఓపిగ్గా చెప్పేది: "ఉన్నచోట ఉండేది మంచిదండీ. ఒంట్లో ఊరేగుతూ పోయినచోటల్లా కాపురం పెట్టేది చెడ్డది." ఈ నిర్వచనం విన్న ప్రతివాళ్లకూ తమ బంధువుల్లో ఎవరో ఒకరు గుర్తొచ్చేవారు.

ఈ అలవాటు వల్ల ఆమెకు ఊళ్లో 'గడ్డలమ్మ' అని పేరొచ్చింది. పెట్టినవాళ్లు వెటకారంగా పెట్టారు. ఆమె మాత్రం బిరుదులా భరించింది.

ఆసుపత్రిలో సీసాలు అయిపోయినప్పుడల్లా ఆమె ఇంట్లో సీసాలు మాయమయ్యేవి. ఆమె అత్తగారు ఈ అన్యాయాన్ని చాలాకాలం సహించి, ఒకనాడు వంటింటి అలమరలోని సీసాలన్నిటికీ స్వహస్తాలతో చీటీలు అంటించింది. "ఇందులో పంచదార." "ఇందులోనూ పంచదారే." చివరి దాని మీద మాత్రం, "ఇది ఖాళీ. అయినా ముట్టుకోవద్దు."

అత్తగారికి కుక్కలంటే భయం. వీధిలో కుక్క ఎదురైతే పక్కకు జరిగి, దారి వదిలి, "వెళ్లు నాయనా, ముందు నువ్వెళ్లు" అని మన్ననగా సాగనంపేది. కోడలు డాక్టరని నలుగురిలో గొప్పగా చెప్పుకునేది గానీ, ఎవరికి డాక్టరని అడిగితే మాత్రం, "అవసరం పడ్డవాళ్లకి" అని మాట మార్చేది. ఇంటికి రాగానే కోడలు చీర మార్చుకునే దాకా ఆవిడ సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేది. చీరకు అంటిన వెంట్రుకలు కూడా కరుస్తాయేమోనన్నంత జాగ్రత్త. డాక్టరమ్మ భర్త ఈ రెండు పక్షాల మధ్య తటస్థ దేశంలా బతికేవాడు. అంటే వంట చేసేవాడు, అభిప్రాయాలు చెప్పేవాడు కాదు.

ఊరిని ఒక కాలువ రెండుగా చీలుస్తుంది. మధ్యలో వంతెన. ఇవతల ఇరుకు సందులు, పాత ఇళ్లు, అరుగుల మీద కూర్చున్న పాత మనుషులు, వాళ్ల కాళ్ల దగ్గర పాత కుక్కలు. మున్సిపాలిటీవారి పశువుల ఆసుపత్రి ఇవతలే. అవతల వెడల్పాటి రోడ్లు, లిఫ్టులున్న మేడలు, కొత్తగా కాపురాలు పెట్టినవాళ్లు. అక్కడ ఒక ప్రైవేటు క్లినిక్కు. తలుపులూ గోడలూ అన్నీ అద్దాలే కావడం వల్ల ఆ డాక్టరుకు 'అద్దాల డాక్టరు' అని పేరు. చేతి నేర్పు ఉన్నవాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ చెదరనివాడు. అతను కూడా గడ్డలు కోసేవాడు. కాకపోతే కోశాక బుట్టలో వేసేవాడు.

కథకు కావలసినదంతా ఈ ఒక్క తేడాలో ఉంది.

ఆ ఏడు ల్యాబువాళ్లు, తమ దగ్గరికి వచ్చిన పెంపుడు జంతువుల క్యాన్సర్లన్నిటినీ ఊరి పటం మీద ఎర్రచుక్కలుగా గుర్తించి, పండితుల కోసం ప్రచురించారు. పండితులు చదవలేదు. ఒక విలేకరి చదివాడు. మర్నాడు పొద్దున్నే పేపర్లో అర పేజీ పటం. ఆసుపత్రి చుట్టూ తట్టు పోసినట్టు ఎర్రచుక్కలు. వంతెన అవతల వెతికితే మూడో నాలుగో. పైన పెద్ద అక్షరాల్లో: "మన కుక్కలకు ఏమైంది?"

ఏమైందో చెప్పడానికి ఊరంతా ముందుకొచ్చింది. నీళ్లన్నారు. ఫోన్ టవరన్నారు. కుక్కలకు అన్నం పెట్టే ప్లాస్టిక్ గిన్నెలన్నారు. కానీ నీళ్లను తిడితే నీళ్లు నొచ్చుకోవు, టవరును నిలదీస్తే టవరు తల దించుకోదు. డాక్టరమ్మనంటే ఆమె ముఖం చిన్నబోతుంది. కాబట్టి నింద నాలుగు వీధులూ తిరిగి తిరిగి, అలిసిపోయి, ఆమె గుమ్మంలో చతికిలబడింది.

ఆ సంగతి ఇంట్లో మొదట తెలిసింది అత్తగారికి. జాకెట్టు వదులు చేయించుకోవడానికి టైలరు కొట్టుకు వెళ్లింది. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగల ప్రజ్ఞావంతుడు.

"పిన్నిగారూ, చెప్పకూడదు గానీ, మీ కోడలుగారు సూది వేసిందంటే ఏడాది తిరక్కుండా గడ్డ లేస్తోందట."

"ఎవరన్నారు?"

"పటమే అంటోంది. గడ్డలొచ్చిన కుక్కలన్నీ ఆవిడ చేతిలో పడ్డవే. అద్దాల డాక్టరు దగ్గర ఒక్కటీ లేదు. ఆయన బోర్డు కూడా పెట్టాడు, 'ఇక్కడ క్యాన్సర్ కేసులు లేవు' అని."

అత్తగారు కొట్టంతా ఒకసారి కలయజూసింది. "మీ కొట్టుకొచ్చిన బట్టల్లో చిరిగినవే ఎక్కువ కనిపిస్తున్నాయి. అన్నీ నువ్వే చింపుతున్నావా నాయనా?"

టైలరు నోట్లోంచి ఒక గుండుసూది రాలింది. జాకెట్టు వదులు కాకుండానే ఆవిడ ఇంటికి వచ్చేసింది.

వచ్చేసరికి కోడలు భోజనాల బల్ల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మధ్యాహ్నం పూట ఆమె ఇంట్లో ఉండటం అత్తగారు ఎన్నడూ చూడలేదు.

"తాళం వేశారు అత్తయ్యగారూ."

మున్సిపల్ చైర్మన్ ఆర్డరు. కారణం తేలే దాకా ఆసుపత్రి మూత. నెలాఖరున టౌన్‌హాల్లో అందరి ముందూ విచారణ. అక్కడ ఆమె మీద తప్పు తేలితే ఆసుపత్రి ఇక తెరుచుకోదు. వంతెన ఇవతలి జంతువుల బాధ్యత అద్దాల డాక్టరుకు అప్పగిస్తారు. ఆమెకు ఊరు దాటి బదిలీ.

"నీ మీద ఆయనకేం పగ? వాళ్ల ముసలి కుక్కకి నువ్వే కదా ఆపరేషన్ చేసింది?"

"దివాన్‌కి. పగేం లేదు, పాపం. 'నాకు వ్యక్తిగతంగా మీరంటే ఎంతో గౌరవమమ్మా' అంటూనే తాళం వేయించారు." ఆమె కాసేపు బల్ల మీద లేని గీతలేవో గీసింది. "బదిలీ అయితే వెళ్తాను. కానీ జనం కుక్కల్ని దాచేస్తున్నారు. ఇందాక దారిలో ఒకాయన నన్ను చూసి తన కుక్క పొట్ట కింది గడ్డ మీద తువ్వాలు కప్పాడు. ఇవాళ కోస్తే బతికే కుక్క అది. భయపడి ఆర్నెల్లు ఆగితే ఎవరూ ఏం చేయలేరు."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "అసలు మన వైపే ఎందుకొస్తోంది మరి? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"రావడం మన వైపు ఎక్కువని ఎవరూ తేల్చలేదు. కనపడటం ఎక్కువ. క్యాన్సర్ వచ్చిన కుక్కలెన్నో పటంలో ఉంది. అసలు ఎన్ని కుక్కలకి అన్ని వచ్చాయో లేదు. పైన అంకె ఉంది, కింద అంకె లేదు."

"కింద అంకె లేకపోతే కొంప మునిగిందా?"

"ఈ బడిలో పదిమంది తప్పారు, ఆ బడిలో ఇద్దరే తప్పారు. ఏది మంచి బడి?"

"ఎంతమంది రాశారో చెప్పకుండా ఎలా చెప్పను? అయినా ఇక్కడ పదో తరగతి పరీక్ష, అక్కడ ఒకటో తరగతి పరీక్ష అయితే ఆ పోలికే తప్పు."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. ఆ రోజు మొదటిసారి ముఖంలో కాస్త వెలుగొచ్చింది. "అదే అత్తయ్యగారూ. ఆ తరగతే వయసు. క్యాన్సర్ అన్నది ఎక్కువగా ముసలితనపు జబ్బు. కుక్కకైనా, పిల్లికైనా. కింద అంకె కావాలంటే రెండు వైపులా ఇల్లిల్లూ తిరగాలి. ప్రతి కుక్కా, ప్రతి పిల్లీ, వాటి వయసూ."

"తాళం వేసి నీకు తీరిక ఇచ్చారుగా. తిరుగు."

"నాకు ఎవరూ తలుపు తీయరు ఇప్పుడు."

అత్తగారు లేచి గొడుగు అందుకుంది. "నాకు తీస్తారు. నువ్వు కుక్కల్ని అడుగు, నేను మనుషుల్ని అడుగుతాను. ఒక్క షరతు. మనుషులు నా వైపు, కుక్కలు నీ వైపు ఉండాలి."

ఆ విధంగా ఆ ఊరి చరిత్రలో మొట్టమొదటి శునక మార్జాల జనాభా లెక్కలు, ఒక గొడుగు, ఒక టార్చిలైటు, ఒక అత్తాకోడళ్ల జంటతో ప్రారంభమయ్యాయి.

మొదటి ఇంట్లోనే పెద్ద చిక్కు ఎదురైంది. అరుగు మీద ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. రెండు కళ్లూ పాలగాజుల్లా తెల్లబడ్డాయి, మూతి నెరిసింది, లేవబోయి మానుకుంది. వయసెంతని అడిగితే ఇంటావిడ, "నాలుగేళ్లు" అంది. పక్కింట్లో కూడా నాలుగేళ్లే. ఎదురింట్లో కూడా. వంతెన ఇవతల కుక్కలన్నీ నాలుగేళ్లకు చేరాక వయసు పెరగడం మానేశాయని చూస్తే తేలింది.

డాక్టరమ్మ టార్చి వేసి పళ్లు చూడబోతుంటే అత్తగారు అడ్డొచ్చింది. "ఉండు. అమ్మా, ఇది మీ ఇంటికొచ్చేటప్పటికి మీ పాప బడిలో చేరిందా?"

"బడేమిటండీ, పాప పుట్టనేలేదు. నా కడుపులో ఉంది. వేవిళ్లతో నేను పడేసిన అన్నమంతా తిని ఇది ఇక్కడే ఉండిపోయింది."

"పాప ఇప్పుడేం చదువుతోంది?"

"తొమ్మిదో తరగతి."

అత్తగారు కుక్క వైపు చూసింది. ఇంటావిడ కూడా చూసింది. పాపకన్నా పెద్దదైన తమ నాలుగేళ్ల కుక్కను ఆవిడ అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పటి నుంచి పద్ధతి కుదిరింది. అత్తగారు పెళ్లిళ్లు, కాన్పులు, మేడ మీద గది వేసిన ఏడు, మామగారు పోయిన ఏడు అడిగి వయసు కట్టేది. కోడలు పళ్లూ కళ్లూ చూసి వయసు కట్టేది. రెండూ కలిస్తే సరే. కలవకపోతే టీకా కార్డు తెమ్మనేవారు. టీకా కార్డులు ఇవతల చాలా ఇళ్లలో ఉండేవి, ఎందుకంటే ఏళ్ల తరబడి డాక్టరమ్మే వెంటపడి టీకాలు వేసింది. వేసిన టీకాల వల్లే ఇవి ఇంతకాలం బతికాయని, అలా బతకడం వల్లే గడ్డలొచ్చే వయసు దాకా వచ్చాయని తలచుకున్నప్పుడు, తన నేరమేమిటో ఆమెకే మొదటిసారి స్పష్టంగా అర్థమైంది.

అత్తగారి పద్ధతికి ఒక ఇంట్లో ఎదురుదెబ్బ తగిలింది. పెళ్లి ఫోటోలోనే కుక్క ఉండటం చూసి, ఆ దంపతుల సంసారం లెక్కగట్టి, ఆవిడ ఇరవై రెండేళ్లని ప్రకటించింది. ఆ కుక్క అప్పటికే ఆవిడ గొడుగు పట్టుకుని గదంతా పరిగెత్తుతోంది. డాక్టరమ్మ పళ్లు చూసి మూడేళ్లంది. చివరికి తేలిందేమిటంటే, ఆ ఇంట్లో ఒక కుక్క పోతే వచ్చిన కొత్త కుక్కకు కూడా అదే పేరు పెడతారు. ఇది మూడోది.

"వంశపారంపర్యం అన్నమాట," అని అత్తగారు గొడుగు విడిపించుకుని హుందాగా బయటికి నడిచింది.

వంతెన దాటాక వ్యవహారం మారిపోయింది. ఇవతలివాళ్లకు కుక్క వయసు తెలియదు. అవతలివాళ్లకు నెలలతో సహా తెలుసు. ఇంకా నెలల్లోనే ఉన్నాయి కాబట్టి. లిఫ్టు ఎక్కి ఏ తలుపు కొట్టినా లోపల్నుంచి ఒక పిల్ల కుక్క కాళ్ల మీద పడేది. ముసలివి మేడకొకటి కూడా లేవు. ఉన్నవాటిని కూడా కోడలు జాగ్రత్తగా లెక్కలో చేర్చింది.

అలాంటి ఒక ముసలి ఆడకుక్క, మూడో అంతస్తులో, అత్తగారిని చూడగానే వచ్చి ఆవిడ కాళ్ల ముందు వెల్లకిలా పడుకుంది. ఆవిడ బిగుసుకుపోయింది.

"అమ్మాయ్, దీనికేదో అయింది."

"ఏం కాలేదు అత్తయ్యగారూ. పొట్ట గోకమంటోంది."

"నన్నా?"

"మిమ్మల్నే."

అత్తగారు చుట్టూ చూసింది. తప్పించుకునే దారి లేదని గ్రహించి, గొడుగు కొనతో మెల్లగా గోకింది. కుక్క కళ్లు మూసుకుంది. కాసేపయ్యాక గొడుగు పక్కన పెట్టి రెండు వేళ్లతో గోకింది. అప్పుడు ఆగి, వంగి చూసింది.

"ఇదేంటి, ఇక్కడ కుట్లు? మన టైలరు కుట్టినట్టు సన్నగా ఉంది."

ఇంటాయన, "అదా, అద్దాల డాక్టరుగారు ఏదో గడ్డ తీశారండీ. కొవ్వు గడ్డే అన్నారు" అన్నాడు.

"ఏ ల్యాబు చెప్పింది కొవ్వని?" అంది డాక్టరమ్మ.

"ల్యాబెందుకండీ. ఆయన చూసి చెప్పారు. గడ్డ పారేశారు."

అత్తాకోడళ్లు ముఖాలు చూసుకున్నారు. ఆ క్షణం నుంచి వాళ్ల ప్రశ్నల్లో ఇంకొకటి చేరింది: ఎప్పుడైనా గడ్డ తీశారా, తీస్తే అదెక్కడికి వెళ్లింది? గోకే బాధ్యత అత్తగారిదైంది. గడ్డ తీసిన మచ్చ కనపడాలంటే కుక్క వెల్లకిలా పడుకోవాలి, కుక్కలెందుకో ఆవిడ ముందే పడుకుంటున్నాయి. పొట్ట గోకడంలో ఆవిడకు ఒక శైలి కూడా ఏర్పడింది. "ఇవతలివాటికి మెల్లగా గోకాలి, అవతలివి గట్టిగా గోకితేనే ఊరుకుంటాయి" అని రాత్రి భోజనాల దగ్గర కొడుక్కి వివరించింది. తటస్థ దేశం తలూపింది.

లెక్క ముగియబోతున్న రోజున, చిట్టచివరి మేడ బాల్కనీలో తెల్లటి పిల్లి ఒకటి ఎండలో పడుకుని కనిపించింది. పేరు సున్నం. ఒక చెవి కొన పుండు పడి, పక్కు కట్టి, అంచు తిన్నట్టుంది. పోట్లాటలో గీసుకుందని దాన్ని పెంచుతున్న, మనుషుల ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ చెప్పింది.

"ఎంతకాలమైంది?"

"మానుతుంది, మళ్లీ లేస్తుంది. వేసవి నుంచీ అంతే."

డాక్టరమ్మ టార్చి ఆర్పేసింది. తెల్ల పిల్లులకు చెవి కొనల దగ్గర వెంట్రుక పలచన, రంగు లేదు, ఎండ నేరుగా చర్మం మీద పడుతుంది. ఏళ్ల తరబడి పడితే అక్కడ క్యాన్సర్ రావచ్చు. ఇప్పుడు కొన కోసేస్తే పిల్లి దక్కుతుంది. ఇంకా ఆగితే దక్కదు. కానీ ఆమె ఆసుపత్రికి తాళం.

ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పిల్లిని బుట్టలో పెట్టించి, నర్సమ్మనూ అత్తగారినీ వెంటబెట్టుకుని, 'ఇక్కడ క్యాన్సర్ కేసులు లేవు' అన్న బోర్డు కింద నుంచి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

అద్దాల డాక్టరు లేచి నిలబడ్డాడు. "మేడం, విచారణకి ముందు మనం మాట్లాడుకోవడం బాగుండదు."

"మాట్లాడటానికి రాలేదండీ. ఈ చెవి కొన మీరు తీయాలి. నాకు ఇప్పుడు ఆపరేషన్ బల్ల లేదు, మీకుంది. మీ చెయ్యి మంచిదని నాకు తెలుసు."

అతను పిల్లిని చూశాడు, చెవి చూశాడు, ఇంకేమీ అనకుండా చేతులు కడుక్కున్నాడు. పని శుభ్రంగా, చక్కగా చేశాడు. కోసిన ముక్క చిన్న ట్రేలో ఉంది. అలవాటుగా అతని చెయ్యి బుట్ట వైపు కదిలింది.

"అది ల్యాబుకి," అంది డాక్టరమ్మ.

"నా దగ్గర... అలాంటి సీసాలు లేవు మేడం."

అత్తగారు నిట్టూర్చి, చేతిసంచిలో చెయ్యి పెట్టి, ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద చీటీ ఇంకా అలాగే ఉంది: "ఇది ఖాళీ. అయినా ముట్టుకోవద్దు."

"ముట్టుకో నాయనా," అంది. "పర్వాలేదు."

నెలాఖరున టౌన్‌హాలు కిటకిటలాడింది. ఫ్యాన్లు తిరుగుతున్నట్టు నటిస్తున్నాయి, మైకు కీచుమంటోంది. వేదిక మీద చైర్మన్. ఆయన బల్ల కింద దివాన్, ముసలి నల్ల కుక్క, విచారణతో తనకేమీ సంబంధం లేనట్టు గురకపెడుతోంది. ముందు వరుసలో అద్దాల డాక్టరు ఒళ్లో ఒక కవరు పెట్టుకుని కూర్చున్నాడు. టైలరు సూదులు లేకుండా వచ్చాడు.

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "నాకు వ్యక్తిగతంగా డాక్టరమ్మ మీద ఎంతో గౌరవం. అయితే పటం పటమే. ఇవతలే ఇన్ని క్యాన్సర్లు ఎందుకో ఆవిడ చెప్పాలి."

డాక్టరమ్మ మైకు దగ్గరికి వచ్చింది.

"చెప్తానండీ. ముందు ఒక చిన్న కోరిక. వంతెన ఇవతలి వాళ్లలో, పదేళ్లు దాటిన కుక్క గానీ పిల్లి గానీ ఉన్నవాళ్లు లేచి నిలబడండి."

హాలులో కలకలం. కొందరు నాలుగేళ్లనుకుని కూర్చున్నారు. అత్తగారు వెనక్కి తిరిగి వాళ్ల వైపు చూసింది, లేచారు. చూస్తుండగానే ఇవతలి వైపు బెంచీలు సగానికి సగం ఖాళీ అయ్యాయి. చివరికి చైర్మన్ కూడా మెల్లగా లేచాడు. దివాన్‌కు పదమూడు.

"ఇప్పుడు అవతలివాళ్లు."

ముగ్గురు లేచారు.

"లేచినవాళ్లలో గడ్డ తీయించినవాళ్లు చేతులెత్తండి."

ఇవతల చాలా చేతులు లేచాయి. అవతల ముగ్గురిలో ఇద్దరెత్తారు.

"మీ గడ్డలు ఏ ల్యాబుకి వెళ్లాయి?"

మూడో అంతస్తు ఆయన చేయి దించకుండానే అన్నాడు: "బుట్టలోకండీ."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకి, ముందు వరుస దగ్గర ఆగింది.

"చేతులు లెక్కపెట్టి శాస్త్రం చెప్పకూడదు," అంది డాక్టరమ్మ. "అందుకే ఇల్లిల్లూ తిరిగాం. ఊళ్లో పదేళ్లు దాటిన కుక్కల్లో పదింట తొమ్మిది ఇవతలే ఉన్నాయి. ముసలివాటిని ముసలివాటితో పోలిస్తే, వందింటికి గడ్డలు తీసినవి ఇవతల ఎన్నో, అవతలా దాదాపు అన్నే. పడుచువాటిని పడుచువాటితో పోల్చినా అంతే. అవతల పారేసిన గడ్డల్లో చెడ్డవెన్నో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. నా ఫిర్యాదల్లా అదొక్కటే. పటంలో ఉన్నవి క్యాన్సర్ ఉన్న చోట్లు కావండీ. క్యాన్సర్ కోసం చూసిన చోట్లు."

"అంటే మా కుక్కలకి ఏమీ కాలేదా?" అన్నారెవరో.

"అయింది. ముసలివయ్యాయి. టీకాలు పడ్డాయి, సందుల్లో లారీలు తిరగవు, మీరు తిండి పెట్టారు. బతికాయి. బతికినవాటికే గడ్డలొస్తాయి. దాచకుండా తొందరగా తెస్తే చాలావాటిని ఇంకా బతికించుకోవచ్చు. ఆడకుక్కలకి చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డలు రావడమే బాగా తగ్గుతుంది. మా అత్తగారు టైలరు కొట్లో ఒక మాటన్నారు. ఆవిడ అనుమతితో ఇక్కడ చెప్తున్నాను. చిరిగిన బట్టలన్నీ టైలరు దగ్గరే ఉంటాయి. చింపింది ఆయన కాదు."

టైలరు లేచి నాలుగు వైపులకూ చూశాడు. "నేనెప్పుడూ చింపలేదండీ," అని సభాముఖంగా మనవి చేసి కూర్చున్నాడు.

అప్పుడు అద్దాల డాక్టరు లేచాడు. అతని ఇస్త్రీ మొదటిసారి నలిగి ఉంది. కవరు విప్పి, మైకు అక్కర్లేకుండానే చెప్పాడు.

"నేను జీవితంలో ల్యాబుకి పంపిన మొదటి సీసా జవాబు ఇవాళ పొద్దున వచ్చింది. సున్నం అనే పిల్లి చెవి. క్యాన్సరే. మొత్తం తీసేసినట్టే, అంచుల్లో ఏమీ మిగల్లేదన్నారు. పిల్లి క్షేమం." కాగితం మడిచి కవర్లో పెట్టాడు. "నేను కొవ్వని చెప్పి పారేసినవి ఎన్నో నాకు గుర్తు లేదు. నా బోర్డు ఇందాకే దింపించి వచ్చాను. మేడం ఆసుపత్రి తెరిస్తే, రేపటి నుంచి ఆవిడ గడ్డలతో పాటు నా గడ్డలు కూడా ల్యాబుకే."

అంతవరకు గురకపెట్టిన దివాన్ ఆ నిశ్శబ్దానికి మేలుకుని, బల్ల కింద నుంచి బయటికి వచ్చి, వేదిక దిగి, అంతమందిని దాటుకుంటూ నేరుగా అత్తగారి ముందుకు వెళ్లి వెల్లకిలా పడుకుంది. పొట్ట మీద డాక్టరమ్మ వేసిన పాత కుట్టు, గీత గీసినట్టు తిన్నగా ఉంది. అత్తగారు గొడుగు పక్కన పెట్టి, ఐదు వేళ్లతో గోకింది.

చైర్మన్ చాలాసేపు తన కుక్క వైపు చూశాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, "విచారణ ముగిసింది" అన్నాడు. "నాకు వ్యక్తిగతంగా..." అని మొదలుపెట్టి, ఆపేసి, దిగివచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. "పదండమ్మా. నేనే తీసిపెడతాను."

ఆ సాయంత్రం ఆసుపత్రి వీధి చూసినవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. నెరిసిన మూతుల కుక్కలు, కుంటుకుంటూ, ఆగి ఆయాసపడుతూ, యజమానులను లాక్కుంటూ కాదు, యజమానులే లాక్కొస్తుంటే, వీధి పొడుగునా వరస కట్టాయి. అందరికన్నా ముందు నిలబడ్డవాడు ఆ రోజు కుక్క గడ్డ మీద తువ్వాలు కప్పిన మనిషి. తువ్వాలు ఇప్పుడు భుజం మీద ఉంది. కుక్క పొట్ట కింది గడ్డను డాక్టరమ్మ వేళ్లతో తడిమి, "సరైన సమయానికి తెచ్చారు" అంది. ఆ మాట కోసమే వచ్చినట్టు అతను అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు.

మరుసటి ఏడు పటంలో వంతెన అవతల కూడా ఎర్రచుక్కలు దట్టంగా వచ్చాయి. అదే విలేకరి, "క్యాన్సర్ వంతెన దాటింది" అని శీర్షిక రాసుకుని డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె అతన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పైన అంకె, కింద అంకె మొదటి నుంచి చెప్పింది. చివరికి వచ్చిన శీర్షిక: "అద్దాల డాక్టరు చూడటం మొదలుపెట్టారు." అద్దాల డాక్టరు దాన్ని కత్తిరించి గోడకు పెట్టుకున్నాడు, పాత బోర్డు ఉన్న చోటే.

గడ్డలమ్మ అన్న పేరు ఊళ్లో అలాగే ఉండిపోయింది. కాకపోతే వెటకారం ఎక్కడో రాలిపోయింది. "మాకేం, మా వైపు గడ్డలమ్మ ఉంది" అని ఇవతలివాళ్లు ధీమాగా అనేవారు. సున్నం మూసిన బాల్కనీ తలుపు వెనకాల, ఒక చెవి పొట్టిగా, బోర్లా పడుకుని, ఎండను దూరం నుంచే తిట్టుకుంటూ బతికింది.

అత్తగారు జాకెట్టు కోసం మళ్లీ టైలరు కొట్టుకు వెళ్లింది. కొలతలు తీసుకుంటుండగా కొత్తగా వచ్చిన ఒకావిడ మర్యాదకు అడిగింది: "మీ కోడలుగారు డాక్టరట కదండీ. ఎవరికి?"

"కుక్కలకి," అంది అత్తగారు, కొట్టు మొత్తానికి వినపడేలా. "పిల్లులకి కూడా. మీ ఇంట్లో ఉందా? వయసెంత? నాలుగేళ్లనకండి, సరిగ్గా ఆలోచించి చెప్పండి. అది వచ్చేటప్పటికి మీకు పెళ్లయిందా?"